అబిడ్స్‌లో ఫోల్డర్, మాదాపూర్‌లో యూజర్: రెండు విండోస్ డొమైన్ల మధ్య షేరింగ్ ఎలా చేయాలి

నెలలో 20వ తేదీ దగ్గర పడింది. జీఎస్టీ రిటర్ను వేయాలి. మాదాపూర్ ఆఫీసులో కూర్చున్న అకౌంట్స్ మేడమ్‌కు కావలసిన ఎక్సెల్ ఫైళ్లన్నీ అబిడ్స్ ఆఫీసు సర్వర్‌లో ఉన్నాయి. రెండు ఆఫీసుల మధ్య వీపీఎన్ ఉంది, పింగ్ కూడా వెళ్తోంది. ఫోల్డర్ తెరవబోతే మాత్రం యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆవిడ పొద్దున కంప్యూటర్ తెరిచిన పాస్‌వర్డే కొట్టారు. తీసుకోలేదు. క్యాప్స్ లాక్ చూసుకుని మళ్లీ కొట్టారు. తీసుకోలేదు. ఆ తర్వాత ఫోన్ మీకు చేశారు.

హైదరాబాద్‌లో ఇలాంటి ఫోన్ అందుకోని సిస్టమ్ అడ్మిన్లు తక్కువ. అబిడ్స్‌లోనో కోఠీలోనో సికింద్రాబాద్‌లోనో పాత ఆఫీసు ఉంటుంది. దానికి ఎప్పుడో ఎవరో పెట్టి వెళ్లిపోయిన డొమైన్, అంటే ఆఫీసు కంప్యూటర్లనూ యూజర్లనూ ఒకే చోట నుంచి నడిపే విండోస్ ఏర్పాటు, ఒకటి ఉంటుంది. తర్వాత యాజమాన్యం మాదాపూర్‌లో ఇంకో కంపెనీ కొంటుంది, దాని డొమైన్ దానికి ఉంటుంది. గోడ మీద బోర్డు ఒక్క రోజులో మారుతుంది. డొమైన్లు కలిపే పని మాత్రం ఏళ్ల తరబడి వాయిదా పడుతూ ఉంటుంది. ఈలోపు ఫైళ్లు అటూ ఇటూ అందాలి.

ఇక్కడ ఫోల్డర్ ఉన్న డొమైన్‌ను అబిడ్స్ అంటాను, ఆ ఫోల్డర్ తెరవాల్సిన యూజర్లున్న డొమైన్‌ను మాదాపూర్ అంటాను. మీ పేర్లు వాటి స్థానంలో పెట్టుకుని చదవండి. పాత్‌లు, కమాండ్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. కంప్యూటర్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే వాడాలి, అది మీకు చెప్పక్కర్లేదు.

ఎవ్రీవన్‌కు ఇచ్చినా ఎందుకు తెరుచుకోదు

ఫోన్ రాగానే చాలామంది చేసే పని ఒకటే. అబిడ్స్ సర్వర్‌లోకి వెళ్లి, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేస్తారు. అయినా మాదాపూర్‌లో తెరుచుకోదు. "అందరికీ ఇచ్చాను కదా, ఇంకేం కావాలి?" అని తల పట్టుకుంటారు.

విండోస్ దృష్టిలో ఎవ్రీవన్ అంటే లోకంలో అందరూ అని అర్థం కాదు. తాను గుర్తుపట్టగలిగిన అందరూ అని. అబిడ్స్ సర్వర్ ముందు మీరెవరో తేల్చుకుంటుంది. తేలాకే ఫోల్డర్ మీద మీకు ఏ హక్కు ఉందో చూస్తుంది. మాదాపూర్ యూజర్ విషయంలో మొదటి ప్రశ్న దగ్గరే పని ఆగిపోయింది. ఆ పేరు అబిడ్స్ డొమైన్ కంట్రోలర్‌కు, అంటే మనం డీసీ అని పిలిచే సర్వర్‌కు, తెలియదు. తెలిసిన వేరే డీసీని అడగడానికి దానికి దారీ లేదు. మీరు పర్మిషన్ల ట్యాబ్‌లో ఎంత తిప్పినా రెండో ప్రశ్నకే జవాబు రాస్తున్నట్టు.

కాబట్టి ముందు ఆ ఎవ్రీవన్ ఫుల్ కంట్రోల్ తీసేయండి. మాదాపూర్ కోసమైతే ఇప్పుడు అది ఏ పనీ చేయదు. రేపు ట్రస్ట్, అంటే ఒక డొమైన్ ఇంకో డొమైన్ యూజర్లను నమ్మే ఏర్పాటు, పెట్టాక మాత్రం చాలా పని చేస్తుంది, ఆ సంగతి కింద చెబుతాను.

ఎంతమందికి కావాలి?

మొదలుపెట్టే ముందు ఈ లెక్క తేల్చండి. మాదాపూర్ నుంచి నలుగురైదుగురికి, ఒకటి రెండు ఫోల్డర్లు కావాలంటే ట్రస్ట్ జోలికి పోకండి. అబిడ్స్ డొమైన్‌లోనే వాళ్లకు అకౌంట్లు తెరవండి, అరగంట పని. ముప్పై నలభై మంది అయినా, రేపు ప్రింటర్లు, సాఫ్ట్‌వేర్ కూడా పంచుకునేలా ఉన్నా అప్పుడు ట్రస్ట్ పెట్టండి. ఐదుగురి కోసం ట్రస్ట్ పెట్టి, ఫైర్‌వాల్‌లో డజను పోర్టులు తెరిచి, ఆర్నెల్లయ్యాక అవి ఎందుకు తెరిచామో ఎవరికీ గుర్తులేని ఆఫీసులు చూశాను.

రెండు డొమైన్లూ ఒకే ఫారెస్ట్‌లో, అంటే మొదటి నుంచీ కలిపి పెట్టిన డొమైన్ల గుంపులో, ఉంటే మీ అదృష్టం. వాటి మధ్య రెండు వైపులా ట్రస్ట్ దానంతట అదే ఉంటుంది. నేరుగా గ్రూపుల భాగానికి వెళ్లిపోండి. ఉందో లేదో తెలియకపోతే డీసీ మీద ఎన్‌ఎల్‌టెస్ట్ కమాండ్‌ను డొమైన్-ట్రస్ట్స్ ఆప్షన్‌తో నడపండి, ఉన్న ట్రస్టుల జాబితా చూపిస్తుంది.

ట్రస్ట్ లేకుండా: అబిడ్స్‌లో అకౌంట్ తెరవడం

అబిడ్స్ యాక్టివ్ డైరెక్టరీలో, అంటే డొమైన్ అకౌంట్లన్నీ ఉండే చోట, 'బయటి యూజర్లు' లాంటి పేరుతో విడిగా ఒక ఓయూ (అకౌంట్లు పెట్టుకునే అర లాంటిది) చేయండి. అందులో మనిషికో అకౌంట్ పెట్టండి. అందరికీ కలిపి ఒకే అకౌంట్ ఇచ్చి, పాస్‌వర్డ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఫైలు డిలీట్ అయిన రోజు ఎవరు చేశారో చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

అకౌంట్ తెరిచేటప్పుడు, మొదటిసారి లాగాన్ అవగానే పాస్‌వర్డ్ మార్చాలి అనే టిక్కు తీసేయండి. ఈ యూజర్ ఎప్పుడూ అబిడ్స్ కంప్యూటర్ ముందు కూర్చోడు, నెట్‌వర్క్ మీదుగానే వస్తాడు. అలా వచ్చినవాడికి పాస్‌వర్డ్ మార్చుకునే బాక్సు కనిపించదు, లాగాన్ ఫెయిల్ అనే వస్తుంది. ఈ ఒక్క టిక్కు వల్ల సగం రోజు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. దాంతోపాటు అకౌంట్‌కు ఎక్స్‌పైరీ తేదీ పెట్టండి. పని మార్చి ఎండింగ్ దాకానే అయితే మార్చి 31నే పెట్టండి. కావాలంటే వాళ్లే ఫోన్ చేస్తారు.

ఇక మాదాపూర్ కంప్యూటర్‌లో దిస్ పీసీ తెరిచి మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ నొక్కండి. పాత్ దగ్గర \\అబిడ్స్-ఫైల్\ఖాతాలు అన్నట్టు సర్వర్ పేరు, షేర్ పేరు ఇవ్వండి. కింద వేరే క్రెడెన్షియల్స్‌తో కనెక్ట్ అవ్వు అనే టిక్కు ఉంటుంది, అది పెట్టండి. యూజర్‌నేమ్ అడిగినప్పుడు ఉత్త పేరు కొడితే చాలదు. అబిడ్స్\పేరు అని డొమైన్ పేరు ముందు పెట్టి కొట్టాలి. పైన మేడమ్‌కు పాస్‌వర్డ్ తీసుకోకపోవడానికి కారణం ఆవిడ మాదాపూర్ డొమైన్ పేరూ పాస్‌వర్డూ ఇవ్వడమే. అకౌంట్ తెరిచాక కూడా ముందు అబిడ్స్ అని పెట్టకపోతే అదే కథ మళ్లీ నడుస్తుంది.

గుర్తుపెట్టుకో అనే టిక్కు పెడితే ఆ పాస్‌వర్డ్ కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాక్కుంటుంది. రేపు అబిడ్స్‌లో పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఇక్కడ కూడా మార్చాలి. లేకపోతే ఈ కంప్యూటర్ పాత పాస్‌వర్డ్‌తోనే తలుపు కొడుతూ ఉంటుంది, లాకౌట్ పాలసీ ఉంటే అకౌంట్ లాక్ అవుతుంది. అన్‌లాక్ చేస్తారు, మళ్లీ లాక్ అవుతుంది. అలా జరిగితే మొదట చూడాల్సింది క్రెడెన్షియల్ మేనేజరే.

ఇంకో చిక్కు 1219 నంబర్ ఎర్రర్. ఒకే సర్వర్‌కు ఒకే సెషన్‌లో రెండు వేర్వేరు యూజర్‌నేమ్‌లతో కనెక్ట్ కావడాన్ని విండోస్ ఒప్పుకోదు. పొద్దున ఎవరో వేరే పేరుతో అదే సర్వర్‌లో ఇంకో ఫోల్డర్ తెరిచి ఉంటే, ఇప్పుడు మీ పేరు తీసుకోదు. నెట్ యూజ్ అని కొడితే ఉన్న కనెక్షన్లు కనిపిస్తాయి. నెట్ యూజ్‌కే డిలీట్ ఆప్షన్ ఇచ్చి పాతది తీసేయండి. మొండికేస్తే సైన్ ఔట్ చేసి మళ్లీ రావడమే.

ఈ దారికి ఫైర్‌వాల్‌లో ఫైల్ సర్వర్ వైపు 445 పోర్టు తెరిచి, సర్వర్ పేరు మాదాపూర్ నుంచి ఐపీగా మారేలా డీఎన్‌ఎస్‌లో ఒక ఎంట్రీ పెడితే చాలా చోట్ల సరిపోతుంది. మిగిలింది ఫోల్డర్ పర్మిషన్లు, అవి కింద ఉన్నాయి.

ట్రస్ట్ పెట్టాలంటే ముందు మూడు పనులు

ట్రస్ట్ విజార్డ్ ఐదు నిమిషాల పని. దానికి ముందు చేయాల్సినవి చేయకుండా విజార్డ్ తెరిచినవాళ్లే తిట్టుకుంటారు.

మొదటిది డీఎన్‌ఎస్. ఒక డొమైన్ పేరు ఇంకో డొమైన్‌కు తెలియాలి. అబిడ్స్ డీఎన్‌ఎస్ సర్వర్‌లో కండిషనల్ ఫార్వర్డర్ పెట్టి, మాదాపూర్ డొమైన్ పూర్తి పేరు, అక్కడి డీసీల ఐపీలు ఇవ్వండి. మాదాపూర్‌లో అబిడ్స్ కోసం అదే పని చేయండి. తర్వాత ఎన్‌ఎస్‌లుకప్‌తో అవతలి డొమైన్ పేరు అడిగి చూడండి, డీసీల ఐపీలు రావాలి. ఎన్‌ఎల్‌టెస్ట్‌లో డీఎస్‌గెట్‌డీసీ ఆప్షన్ ఇచ్చి అడిగితే ఇంకా నమ్మకం, ఎందుకంటే అది డీసీని నిజంగా వెతికి పట్టుకుంటుంది. పింగ్ వెళ్తోంది కదా అని సరిపెట్టుకోకండి. ఐపీకి పింగ్ వెళ్లడానికీ పేరుతో డీసీ దొరకడానికీ సంబంధం లేదు.

రెండోది టైము. డొమైన్లలో టికెట్లతో యూజర్‌ను గుర్తుపట్టే కెర్బెరోస్ పద్ధతి రెండు గడియారాల మధ్య మామూలుగా 5 నిమిషాలకు మించి తేడా ఒప్పుకోదు. పాత ఆఫీసుల్లో డీసీ ఎవరి గడియారం చూసి నడుస్తోందో ఎవరికీ తెలియదు. కరెంటు పోయి వచ్చిన రోజున, బోర్డు మీద బ్యాటరీ కూడా అయిపోయి ఉంటే, అది వేరే కాలంలో ఉంటుంది. రెండు వైపులా డొమైన్‌లో టైముకు పెద్దదిక్కైన పీడీసీ ఎమ్యులేటర్ డీసీని బయటి టైమ్ సర్వర్‌తో కలపండి, మిగతావి దాన్ని చూసి సర్దుకుంటాయి.

మూడోది పోర్టులు. రెండు వైపుల డీసీల మధ్య 53, 88, 135, 389, 445, 464, వాటితో పాటు ఆర్‌పీసీ వాడే 49152 నుంచి 65535 వరకు ఉన్న శ్రేణి. ఇంతవరకు అందరూ చేస్తారు. మర్చిపోయేది ఇంకోటి: మాదాపూర్ యూజర్ కంప్యూటర్ నుంచి అబిడ్స్ ఫైల్ సర్వర్‌కు 445 ఒక్కటే ఉంటే కెర్బెరోస్ నడవదు. ఆ కంప్యూటరే స్వయంగా అబిడ్స్ డీసీ దగ్గరకు వెళ్లి టికెట్ తెచ్చుకోవాలి, దానికి అక్కడికి 88, 389 కూడా తెరిచి ఉండాలి. ఇవి లేకపోయినా ఎన్‌టీఎల్‌ఎం అనే పాత పద్ధతిలో ఒక్కోసారి పని నడిచిపోతుంది, అందుకే ఎవరూ గమనించరు. భద్రత కోసం ఎన్‌టీఎల్‌ఎం ఆపిన రోజు అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

ఇంకా ఒకటి. రెండు డొమైన్ల నెట్‌బయోస్ పేర్లు, అంటే యూజర్‌నేమ్ ముందు పెట్టే పొట్టి పేర్లు, ఒకటే అయితే ట్రస్ట్ పడదు. రెండు చోట్లా 'ఆఫీస్' అని పేరు పెట్టినవాళ్లు ఉంటారు. అలాంటప్పుడు పై దారి, అంటే అకౌంట్లు తెరవడమే గతి.

ఏది ఔట్‌గోయింగ్, ఏది ఇన్‌కమింగ్

ట్రస్ట్‌లో పదిమందిలో ఎనిమిదిమంది తడబడేది ఇక్కడే. ఇలా ఆలోచించండి. మీరు ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చారు. నమ్మింది మీరు. మీ ఇంట్లోకి వచ్చేది వాళ్లు. నమ్మకం మీ నుంచి వాళ్ల వైపు వెళ్లింది, మనుషులు వాళ్ల నుంచి మీ వైపు వచ్చారు. ఫోల్డర్ ఉన్నది అబిడ్స్‌లో, కాబట్టి ఇల్లు అబిడ్స్‌ది. నమ్మాల్సింది అబిడ్స్. అబిడ్స్ వైపు ఆ ట్రస్ట్ ఔట్‌గోయింగ్, మాదాపూర్ వైపు ఇన్‌కమింగ్.

రెండు వైపులా అనే ఆప్షన్ ఎదురుగా ఊరిస్తూ ఉంటుంది. అబిడ్స్ వాళ్లకు మాదాపూర్‌లో ఏమీ పని లేకపోతే దాన్ని ముట్టుకోకండి.

ఇక పని. అబిడ్స్ డీసీలో యాక్టివ్ డైరెక్టరీ డొమైన్స్ అండ్ ట్రస్ట్స్ తెరవండి. డొమైన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో ట్రస్ట్స్ ట్యాబ్, న్యూ ట్రస్ట్. అవతలి డొమైన్ పేరు అడిగితే మాదాపూర్ పూర్తి డీఎన్‌ఎస్ పేరు ఇవ్వండి. రెండూ తమ తమ ఫారెస్ట్‌లకు రూట్ డొమైన్లయితే ఫారెస్ట్ ట్రస్ట్ ఎంచుకోండి, అందులో కెర్బెరోస్ సరిగ్గా నడుస్తుంది. రెండు వైపులా ఫారెస్ట్ ఫంక్షనల్ లెవెల్ కనీసం విండోస్ సర్వర్ 2003 ఉండాలి. అది కుదరకపోతే ఎక్స్‌టర్నల్ ట్రస్ట్. డైరెక్షన్ దగ్గర వన్-వే ఔట్‌గోయింగ్. అవతలి వైపు అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంటే రెండు వైపులా ఒకేసారి చేయొచ్చు. లేకపోతే ఇద్దరూ ఒక ట్రస్ట్ పాస్‌వర్డ్ అనుకుని, ఎవరి వైపు వాళ్లు అదే కొట్టాలి. ఆ పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పుకోవడం నయం. అటువైపు అడ్మిన్ అన్నకు ఓ చాయ్ బాకీ పడుతుంది, అంతే.

తర్వాత వచ్చే ప్రశ్న దగ్గర ఆగండి

ఆథెంటికేషన్ పరిధి ఎంత అని విజార్డ్ అడుగుతుంది. ఒకటి మొత్తం డొమైన్ లేదా మొత్తం ఫారెస్ట్ అంతటికీ. రెండోది సెలెక్టివ్. చాలామంది మొదటిది నొక్కి ముందుకెళ్లిపోతారు, నేను కూడా ఒకప్పుడు అదే చేశాను.

ఒక ఆఫీసులో శుక్రవారం సాయంత్రం అలా ట్రస్ట్ పెట్టి ఇంటికి వెళ్లాను. సోమవారం మధ్యాహ్నానికల్లా హెచ్‌ఆర్ నుంచి పిలుపు. కొత్త ఆఫీసు కుర్రాడొకడు పాత ఆఫీసు జీతాల షీటు చూసి, పక్కవాడితో ఆ అంకెలు పంచుకున్నాడట. నేను ఆ ఫోల్డర్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తీరా చూస్తే, ఆ షేర్ మీద ఎవ్రీవన్‌కు రీడ్ ఏళ్ల తరబడి అలాగే ఉంది. కింద ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో, అంటే డిస్క్ మీద ఫోల్డర్‌కు ఉండే పర్మిషన్లలో, యూజర్స్ అనే గ్రూపుకు డ్రైవ్ మీద నుంచి వారసత్వంగా రీడ్ వచ్చింది. సర్వర్‌లోని ఆ యూజర్స్ గ్రూపులో ఆథెంటికేటెడ్ యూజర్స్ మామూలుగానే ఉంటారు. ట్రస్ట్ పడిన క్షణం నుంచి అవతలి డొమైన్ వాళ్లందరూ ఆథెంటికేటెడ్ యూజర్స్ కిందికే వస్తారు. పాత ఆఫీసువాళ్లు కూడా ఆ ఫోల్డర్ ఎప్పుడో తెరవగలిగేవాళ్లే, ఎవరికీ వెతికే ఆసక్తి లేకపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు అన్ని గదులూ చూడాలనిపిస్తుంది.

అందుకే రెండు పనులు చెబుతాను. ట్రస్ట్ పెట్టడానికి ముందే అబిడ్స్ సర్వర్లలోని షేర్లన్నీ ఒకసారి చూడండి. పవర్‌షెల్‌లో గెట్-ఎస్‌ఎంబీషేర్, గెట్-ఎస్‌ఎంబీషేర్‌యాక్సెస్ కమాండ్లు జాబితా ఇచ్చేస్తాయి. ఎవ్రీవన్, ఆథెంటికేటెడ్ యూజర్స్, యూజర్స్ కనిపించిన చోటల్లా అది కావాలని పెట్టిందో కాదో తేల్చండి. రెండోది, సెలెక్టివ్ ఎంచుకోండి.

సెలెక్టివ్ అంటే కంటోన్మెంట్‌లో మిలటరీ గేటు లాంటిది. మీ ఐడీ కార్డు అసలైనదే కావచ్చు, ఈ గేటు దగ్గర మీ పేరు రాసి ఉందా అన్నదే లెక్క. అది పెట్టాక అబిడ్స్‌లోని ఏ సర్వర్‌లోనూ మాదాపూర్ యూజర్ అడుగు పెట్టలేడు. కావలసిన ఒక్క ఫైల్ సర్వర్‌కే అనుమతి ఇవ్వాలి. యాక్టివ్ డైరెక్టరీ యూజర్స్ అండ్ కంప్యూటర్స్‌లో వ్యూ మెనూ కింద అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఆన్ చేయండి, లేకపోతే సెక్యూరిటీ ట్యాబ్ కనిపించదు. ఫైల్ సర్వర్ కంప్యూటర్ అకౌంట్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్లి, మాదాపూర్ గ్రూపును చేర్చి, అలౌడ్ టు ఆథెంటికేట్ దగ్గర అలో టిక్కు పెట్టండి. ఆ గ్రూపు ఏదో కింద చెబుతున్నాను.

గ్రూపులు

ఫోల్డర్ సెక్యూరిటీలో మనిషి పేరు నేరుగా పెట్టకండి. మాదాపూర్‌లో ఒక గ్లోబల్ గ్రూపు చేయించండి, 'మాదాపూర్-అకౌంట్స్' అనుకుందాం. మనుషులు అందులో ఉంటారు, వాళ్లను చేర్చడం తీసేయడం మాదాపూర్ అడ్మిన్ పని. అబిడ్స్‌లో మీరు ఒక డొమైన్ లోకల్ గ్రూపు చేయండి, 'ఖాతాలు-మార్చగలరు' లాంటి పేరుతో. మాదాపూర్ గ్లోబల్ గ్రూపును ఈ డొమైన్ లోకల్ గ్రూపులో సభ్యుడిగా చేర్చండి. ఫోల్డర్ మీద పర్మిషన్ ఈ రెండోదానికి మాత్రమే ఇవ్వండి.

అబిడ్స్ గ్రూపు డొమైన్ లోకల్ అనే రకమే ఎందుకంటే, ట్రస్ట్ ఉన్న వేరే ఫారెస్ట్ డొమైన్ సభ్యులను లోపలికి తీసుకోగలిగేది అదే. గ్లోబల్ గ్రూపు సొంత డొమైన్‌వాళ్లనే తీసుకుంటుంది, యూనివర్సల్ సొంత ఫారెస్ట్‌వాళ్లను మాత్రమే. పొరపాటున గ్లోబల్ చేస్తే, సభ్యులను చేర్చే బాక్సులో మాదాపూర్ అసలు కనిపించదు. ట్రస్ట్ పాడైందని కంగారు పడి అది తీసి మళ్లీ పెట్టినవాళ్లు ఉన్నారు.

చేర్చేటప్పుడు లొకేషన్స్ నొక్కి మాదాపూర్ ఎంచుకోవాలి. ట్రస్ట్ ఒక్క వైపే కాబట్టి అబిడ్స్ అడ్మిన్ అయిన మీకు మాదాపూర్ డైరెక్టరీ చదివే హక్కు లేదు. అందుకే అక్కడి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. మాదాపూర్‌లో మామూలు యూజర్ అకౌంట్ ఒకటి ఉన్నా చాలు, అడ్మిన్ అకౌంట్ అడుక్కోనక్కర్లేదు. ట్రస్ట్ లేకుండా అకౌంట్లు తెరిచినవాళ్లు ఈ మెలికలేవీ లేకుండా ఆ అకౌంట్లను అబిడ్స్ గ్రూపులోనే నేరుగా పెట్టుకోవచ్చు.

ఫోల్డర్ మీద రెండు తాళాలు

షేర్ పర్మిషన్ అపార్ట్‌మెంట్ గేటు, ఎన్‌టీఎఫ్‌ఎస్ పర్మిషన్ ఫ్లాట్ తలుపు. నెట్‌వర్క్ నుంచి వచ్చినవాడికి రెండూ తెరుచుకోవాలి. రెండింట్లో ఏది తక్కువ ఇస్తే అదే మిగులుతుంది. కొత్త షేర్‌కు విండోస్ మామూలుగా ఎవ్రీవన్ రీడ్ పెడుతుంది. అది మర్చిపోయి ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో మాడిఫై ఇస్తే, యూజర్ ఫైలు తెరవగలడు, సేవ్ చేయలేడు.

షేర్ మీద ఎవ్రీవన్ తీసేసి మీ డొమైన్ లోకల్ గ్రూపుకు చేంజ్ ఇవ్వండి, అబిడ్స్ సొంత స్టాఫ్ గ్రూపుకూ అలాగే. తర్వాత సెక్యూరిటీ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి డిసేబుల్ ఇన్హెరిటెన్స్ నొక్కండి. ఉన్నవాటిని ఈ ఫోల్డర్ సొంత పర్మిషన్లుగా మార్చమంటారా, మొత్తం తీసేయమంటారా అని అడుగుతుంది, మార్చమనండి. అప్పుడు యూజర్స్ పేరు తీసేసి, సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్ అలాగే ఉంచి, మీ గ్రూపులకు మాడిఫై ఇవ్వండి. ఫుల్ కంట్రోల్ ఎవరికీ ఇవ్వకండి. దాంతో ఫైలు మార్చే హక్కుతో పాటు పర్మిషన్లు మార్చే హక్కు కూడా వెళ్లిపోతుంది.

డెనీ టిక్కు జోలికి పోకండి. ఒకే స్థాయిలో అలో ఉన్నా డెనీదే పైచేయి. ఆ మనిషి ఏ గ్రూపులో ఉండి డెనీ తగులుతోందో వెతకడం పెద్ద తలనొప్పి.

సర్వర్ మరీ పాతదైతే ఇంకో అడ్డంకి ఉంటుంది. విండోస్ సర్వర్ 2003కి ఫైల్ షేరింగ్ భాష అయిన ఎస్‌ఎంబీలో మొదటి వెర్షన్ తప్ప వేరేది రాదు. 2017లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి కొత్తగా వేసిన కంప్యూటర్లలో అది మామూలుగా ఉండదు, కొన్ని ఎడిషన్లలో ఉన్నా కొన్నాళ్లు వాడకపోతే దానంతట అదే పోతుంది. దాన్ని మళ్లీ ఆన్ చేసి పని కానిచ్చేద్దాం అనిపిస్తుంది. 2017 మేలో వానాక్రై వ్యాపించింది ఆ వెర్షన్‌లోని లోపం ద్వారానే. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీకి ఒకసారి వెళ్లిరండి, సర్వర్ మార్చడానికి యాజమాన్యాన్ని ఒప్పించడం ఈ గైడ్ మొత్తం కంటే కష్టమని తెలుసు. అలాగే విండోస్ 11 24హెచ్2 ప్రో, ఎంటర్‌ప్రైజ్‌లు ఎస్‌ఎంబీ సైనింగ్ (ప్రతి మెసేజ్ మీద డిజిటల్ సంతకం) తప్పనిసరి అంటాయి, పాస్‌వర్డ్ లేని గెస్ట్ యాక్సెస్ ఒప్పుకోవు. ఓ మూల ధూళి పట్టి ఉన్న పాత నాస్ బాక్సులో (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టెలో) ఫోల్డర్ ఉంటే, ఈ కొత్త ల్యాప్‌టాప్‌ల దగ్గరే ఆగిపోవచ్చు.

టెస్ట్ చేయడం

మీ అడ్మిన్ అకౌంట్‌తో టెస్ట్ చేసి పని అయిపోయిందనకండి. మాదాపూర్‌లో ఆ యూజర్ కంప్యూటర్ దగ్గరే చూడాలి. గ్రూపులో చేర్చిన తర్వాత అతను సైన్ ఔట్ చేసి మళ్లీ రావాలి, పాత టికెట్‌లో కొత్త గ్రూపు ఉండదు. స్క్రీన్ లాక్ చేసి తీస్తే సరిపోదు. ఫోల్డర్‌లోని ఎఫెక్టివ్ యాక్సెస్ ట్యాబ్ వేరే డొమైన్ యూజర్ విషయంలో చెప్పే మాట నమ్మడానికి లేదు.

తెరుచుకోకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్ యూజ్‌తో ఆ పాత్ కొట్టండి. ఎక్స్‌ప్లోరర్ బాక్సుల కంటే ఇది నంబర్‌తో సహా నిజం చెబుతుంది.

53 వస్తే సర్వరే దొరకలేదు. డీఎన్‌ఎస్ చూడండి, టెస్ట్-నెట్‌కనెక్షన్‌తో 445 పోర్టు చూడండి. పర్మిషన్లు ముట్టుకోకండి. 67 వస్తే సర్వర్ దొరికింది, షేర్ పేరు తప్పు. 1326 అంటే యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తేలలేదు. ముందు అబిడ్స్ అని పెట్టారా లేదా, ట్రస్ట్ ఉంటే అది వ్యాలిడేట్ అవుతోందా, ఇవి చూడండి. ఫైల్ సర్వర్ సెక్యూరిటీ లాగ్‌లో 4625 ఈవెంట్ దొరికితే ఏ డొమైన్ పేరుతో వచ్చాడో అందులోనే ఉంటుంది, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. 1935 వస్తే సెలెక్టివ్ గేటు దగ్గర ఆపారు, అలౌడ్ టు ఆథెంటికేట్ మర్చిపోయారు. 5 వస్తే మాత్రం సంతోషించండి. యూజర్‌ను సర్వర్ గుర్తుపట్టింది, ఇక మిగిలింది పర్మిషన్లే.

పేరుతో వెళ్తే రాక, ఐపీతో వెళ్తే తెరుచుకుంటే అది డీఎన్‌ఎస్ లేదా కెర్బెరోస్ గొడవ, ఎందుకంటే ఐపీతో వెళ్లినప్పుడు మామూలుగా ఎన్‌టీఎల్‌ఎం నడుస్తుంది. ఐపీతో మ్యాప్ చేసి వదిలేయకండి. కేలిస్ట్ అని కొట్టి ఆ సర్వర్ పేరున టికెట్ వచ్చిందో లేదో చూడండి.

అన్నీ తెరుచుకుని ఒక్క ఫైలే మొరాయిస్తే, దాన్ని అబిడ్స్‌లో ఎవరో వేరే ఫోల్డర్ నుంచి కట్ చేసి తెచ్చి పెట్టి ఉంటారు. ఒకే డ్రైవ్‌లో మూవ్ చేసిన ఫైలు తన పాత పర్మిషన్లు తనతోనే తెచ్చుకుంటుంది. కాపీ చేస్తే కొత్త ఫోల్డర్‌వి వస్తాయి. ఐకాక్ల్స్‌లో రీసెట్ ఆప్షన్‌తో ఆ ఫైలుకు ఫోల్డర్ పర్మిషన్లు తిరిగి ఇవ్వండి. అబిడ్స్ స్టాఫ్‌కు మాత్రం కట్ చేయొద్దు, కాపీ చేయండి అని ఒకసారి చెప్పండి. వాళ్లు మర్చిపోతారు, మీరు ఐకాక్ల్స్ మర్చిపోకండి.

డొమైన్లు చివరికి కలిసిపోయాక ట్రస్ట్ తీసేస్తారు కదా. అప్పుడు మాదాపూర్ పేర్లు ఉన్న చోటల్లా ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడవాటి అంకెలు మిగులుతాయి. మనుషుల పేర్లు నేరుగా పెట్టిన ఆఫీసులో అవి నలభై ఫోల్డర్లలో చెల్లాచెదురుగా ఉంటాయి, ఏది ఎవరిదో చెప్పేవాళ్లుండరు. పైన చెప్పినట్టు చేసి ఉంటే అవి రెండే చోట్ల ఉంటాయి: ఆ డొమైన్ లోకల్ గ్రూపు సభ్యుల జాబితాలో ఒకటి, ఫైల్ సర్వర్ కంప్యూటర్ అకౌంట్ సెక్యూరిటీలో ఒకటి. రెండూ డిలీట్ చేయండి.